మైదానంలో మంచు కలదు

గుండ్లవంక ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షులు ఉపేంద్రనాథ్ గారు బుడాపెస్ట్ నగరంలో వారం రోజులు అధ్యయన యాత్ర చేసి తిరిగొచ్చారు. వచ్చిన మర్నాడే అత్యవసర సమావేశం పిలిచారు. ఆయన విశ్రాంత సంయుక్త సంచాలకులు. ఏ శాఖకు సంచాలకులో ఊళ్లో ఎవరికీ సరిగ్గా తెలియదు కానీ, నోరు తెరిస్తే జీవో చదువుతున్నట్టే ఉంటుంది.

"హంగేరీ దేశపు అగ్రశ్రేణి ఫుట్‌బాల్ సీజన్‌ను సమగ్రంగా పరిశీలించడమైనది," అన్నారాయన, మంచినీళ్ల గ్లాసు పక్కకు జరిపి. "జట్లు పన్నెండు. జూలై ఆఖరున ప్రారంభం. డిసెంబరు మధ్య నుంచి జనవరి ఆఖరు దాకా శీతాకాల విరామం. మే నెలలో ముగింపు. అట్టడుగున మిగిలిన రెండు జట్లు కింది శ్రేణికి. సదరు సీజన్‌ను మన గుండ్లవంకలో యథాతథంగా అమలుపరచుటకు నిర్ణయించడమైనది."

"ఎవరు నిర్ణయించినారు సార్?" అని అడిగాడు సహాయ కార్యదర్శి కుళ్ళాయప్ప.

"ఇప్పుడు మీరే నిర్ణయిస్తారు. చేతులెత్తండి."

అందరూ ఎత్తారు. కుళ్ళాయప్ప కూడా ఎత్తాడు. ప్రశ్న అడగడానికి ఎత్తానని ఆ తర్వాత చాలాసార్లు తనకు తాను చెప్పుకున్నాడు కానీ, మినిట్స్‌లో మాత్రం ఏకగ్రీవమని రాశారు.

కుళ్ళాయప్ప హైస్కూల్లో పీఈటీ. ఊరి ఎంపిక జట్టుకు కోచ్. అవసరమైతే రిఫరీ. దసరా అయ్యాక మొదలుపెట్టి, ఎండలు ముదరకముందే ముగించేలా ఊరి పోటీలను ఎన్నో ఏళ్లుగా నడుపుతున్నవాడు. కరువు సీమలో చలికాలమంటే ఆటగాడికి దేవుడిచ్చిన వరం. పొద్దున చల్లగా, మధ్యాహ్నం వెచ్చగా, పరిగెత్తితే ఊపిరి హాయిగా ఆడుతుంది. ఆ వరాన్ని ఎవరైనా సెలవుగా ప్రకటిస్తారని అతనికి ఎప్పుడూ తట్టలేదు.

"సార్, మనకు ఉండేది ఏడు జట్లే కదా," అన్నాడు.

"హంగేరీలో పన్నెండు," అన్నారు ఉపేంద్రనాథ్ గారు. ఆ విషయం అక్కడితో ముగిసింది.

మిగతా ఐదు జట్లను కుళ్ళాయప్పే పుట్టించాడు. మార్కెట్ యార్డు హమాలీలు ఒక జట్టు. పెళ్లి బ్యాండువాళ్లు ఒక జట్టు. వాళ్లు ముహూర్తాలు లేని రోజుల్లోనే ఆడతామన్నారు. పెన్షనర్ల సంఘం ఒక జట్టు. తహసీల్దారు ఆఫీసు ఒక జట్టు. బంతిని పక్కవాడికి పంపడంలో ఆ ఆఫీసు జట్టును మించినవాళ్లు పన్నెండింటిలోనూ లేరు. గోలు కొట్టే బాధ్యత మాత్రం ఎవరూ నెత్తినేసుకోలేదు. ఐదో జట్టు ఎంత వెతికినా దొరకలేదు. చివరికి సంఘం కార్యవర్గమే జెర్సీలు తొడుక్కుంది. ఆ జట్టుకు గోల్‌కీపరూ కుళ్ళాయప్పే, ఆ మ్యాచ్‌లకు రిఫరీ కూడా కుళ్ళాయప్పే. ఒకసారి తనమీద తనే పెనాల్టీ ఇచ్చుకుని, అది పట్టలేక గోలు కూడా ఇచ్చాడు. కార్యవర్గం అతన్ని సంజాయిషీ అడిగింది.

ఇవన్నీ నవ్వుకుని భరించగలిగేవే. నవంబరులో నారింజ రంగు బంతులు వచ్చాయి.

"మంచు మీద తెల్ల బంతి కానరాదు. అందుచేత అక్కడ చలికాలంలో నారింజ బంతి వాడుతారు," అని ప్రకటించారు అధ్యక్షులు.

గుండ్లవంక మైదానం ఎర్రమట్టి నేల. నారింజ బంతి దానిమీద పడిందంటే మాయమైనట్టే. మొదటి రోజు ఆటలో ఇరవైరెండు మంది నేల చూస్తూ తిరిగారు. వస్తువు పారేసుకుని వెతుకుతున్నారనుకుని ప్రేక్షకుల్లో కొందరు లోపలికి దిగి సాయపడ్డారు. ఊరి ఎంపిక జట్టు సెంటర్ ఫార్వర్డ్ దాదా ఖలందర్ పరుగున వచ్చి గట్టిగా తన్నింది బంతిని కాదు, రాయిని.

"సార్, ఇదేం బంతి సార్?" అన్నాడు ఖలందర్, బొటనవేలు పట్టుకుని కూలబడి. "మట్టి యాడుందో బంతి యాడుందో తెలీకపోతే ఎట్లాడేది?"

"మంచు పడితే తెలుస్తాదిలేప్పా," అన్నాడు కుళ్ళాయప్ప. తన నోటినుంచి ఆ మాట వచ్చినందుకు తనే ఉలిక్కిపడ్డాడు.

డిసెంబరు నడిమికి రాగానే శీతాకాల విరామం అమల్లోకి వచ్చింది. సంఘం సర్క్యులర్ ఇలా ఉంది: 'తీవ్ర శీతల పరిస్థితుల దృష్ట్యా, క్రీడాకారుల ప్రాణరక్షణార్థం, మైదానమందు సకల క్రీడా కార్యకలాపములు నిలుపుదల చేయడమైనది. ఉల్లంఘించినవారిపై ఏడాది నిషేధము విధించబడును.' ముందు గేటుకు తాళం పడింది. గేటు మీద బోర్డు వేలాడింది: 'మైదానంలో మంచు కలదు. ప్రవేశము నిషేధము.' మంచు తొలగింపు ఉపసంఘం ఏర్పడి పారలు కొన్నది. కాపలా మనిషికి ఉన్ని మఫ్లరు ఇచ్చారు. అతను దాన్ని తలకు చుట్టుకుని, ఎండకు తాళలేక గోడ నీడలో కూర్చుని, మంచుకు కాపలా కాశాడు.

కుళ్ళాయప్పకు అసలు బాధ వేరే ఉంది. ఫిబ్రవరి మొదటి వారంలో అంతర్ జిల్లాల పోటీలు. ఈసారి రైల్వే జట్టు సెలెక్టర్లు చూడ్డానికి వస్తున్నారు. క్రీడల కోటాలో ఉద్యోగానికి ఖలందర్‌కు వయసు ఈ ఏడాదితో సరి. పగలంతా వెల్డింగ్ షాపులో నిప్పురవ్వల మధ్య గడిపే కుర్రాడు, సాయంత్రం మైదానంలోకి దిగితే వేరే మనిషైపోతాడు. కాళ్లు రెండూ ఒకేలా ఆడతాయి. అలాంటివాణ్ణి కుళ్ళాయప్ప తన ఉద్యోగ జీవితంలో ఒక్కణ్ణే చూశాడు. నెలన్నర సాధన లేకుండా పోటీలకు తీసుకుపోతే వాడి కాళ్లు బిగుసుకుపోతాయి.

అధ్యక్షుల ఇంటికి వెళ్లి ఆ మాటే చెప్పాడు.

"సార్, ఎంపిక జట్టుకు మటుకు గేటు తీయండి సార్. పిల్లోని బతుకు సార్."

"కుళ్ళాయప్పగారూ, ఈ క్షణాన హంగేరీలో ఎవరైనా మైదానంలో ఆడుతున్నారా?"

"ఆడ మంచు సార్. ఈడ ముప్పై డిగ్రీలుండాది. నాకు చెమటలు పోస్తాండాయి."

"అది మీ వ్యక్తిగత ఉష్ణోగ్రత. సంఘపరంగా ప్రస్తుతం గడ్డకట్టే చలి. రేపు ఆ కుర్రవాడికి న్యుమోనియా వస్తే బాధ్యత ఎవరిది?" అని ఉపేంద్రనాథ్ గారు ఫ్యాను వేగం పెంచారు. "అన్నట్టు, విరామ నిబంధనలు ఉల్లంఘించి కొందరు రహస్యంగా ఆడవచ్చునని సమాచారం. శీతాకాల నిఘా బృందాన్ని నియమిస్తున్నాం. దానికి మీరే నాయకులు."

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే భార్య సుంకమ్మ పొయ్యి దగ్గరనుంచి కదలకుండానే అంది: "ఆ పొద్దు చెయ్యెత్తకుండా ఉంటే పోయేది కదయ్యా."

"అందరూ ఎత్తినారే."

"అందరికీ ఖలందర్ లేడు. నీకుండాడు. వాళ్లమ్మ నిన్న సంతలో కనబడి, మా పిల్లోడు ఎట్లాడతాండాడక్కా అని అడిగింది. ఏం చెప్పల్ల నేను? మంచు కరిగినాక ఆడతాడని చెప్పల్లా?"

కుళ్ళాయప్ప ఆ పూట సంగటి సగం వదిలేసి లేచాడు. సైకిలెక్కి ఊరి బయటకు పోయాడు. నీళ్లు పారి ఏళ్లయిన వంక అక్కడ ఇసుక పరుచుకుని వెడల్పుగా ఉంది. రెండు వైపులా గట్లు, తుమ్మచెట్లు. రోడ్డు మీద పోయేవాళ్లకు కనబడదు. మర్నాడు పొద్దునే ఎంపిక జట్టు ఒక్కొక్కరుగా, చేతిలో చెంబులు పట్టుకుని, వేరే పనికి పోతున్నట్టు నటిస్తూ అక్కడికి చేరింది.

ఇసుకలో పరిగెత్తి పరిగెత్తి వాళ్ల పిక్కలు గట్టిపడ్డాయి. నిఘా బృందం నాయకుడు రోజూ వాళ్లకు విజిలేసి ఆట ఆడించి, సాయంత్రం అధ్యక్షులకు ఫోన్ చేసి, "ఈ పొద్దు కూడా ఎవరూ దొరకలేదు సార్" అని చెప్పేవాడు. అందులో అబద్ధం లేదు. తనను తాను పట్టుకోవడం అతనికి చేతకాలేదు, అంతే.

జనవరి రెండో వారంలో హంగేరీ నుంచి మనిషే దిగాడు.

ఆయన పేరు బర్తా లాయోష్. అక్కడ ఒక చిన్న ఊరి క్లబ్బులో కోచ్. బుడాపెస్ట్‌లో ఉపేంద్రనాథ్ గారికి మైదానాలు తిప్పి చూపించింది ఆయనే. 'మా ఊరు తప్పక రండి' అని అధ్యక్షులు అన్న మాట మర్యాదకు అన్నదని తెలియక, టికెట్ కొనుక్కుని వచ్చేశాడు. వాళ్ల దేశంలోనూ ఇంటిపేరే ముందట. ఆ సంగతి తెలియగానే గుండ్లవంక జనం ఆయన్ని సొంత మనిషిగా లెక్కేసి, 'బర్తావాళ్ల లాయోషప్ప' అనడం మొదలుపెట్టారు.

అధ్యక్షులు ఆయన్ని ఊరేగింపుగా మైదానానికి తీసుకుపోయారు. గేటు బయటే సన్మానం. ఒకటి మీద ఒకటి శాలువాలు కప్పి, పైన ఉన్ని టోపీ పెట్టారు. లాయోష్ ముఖం మిరపపండులా ఎర్రబడింది. ఆయన ఇంగ్లీషులో అడిగినదాన్ని కుళ్ళాయప్ప తనకొచ్చిన ఇంగ్లీషుతో పట్టుకుని తెలుగులో వినిపించాడు.

"ఆ బోర్డు మీద ఏం రాసుందని అడుగుతాండాడు సార్."

"మంచు ఉన్నదని రాసి ఉన్నట్టు తెలియజేయండి."

కుళ్ళాయప్ప తెలియజేశాడు. లాయోష్ గేటు ఊచల్లోంచి లోపలికి చూశాడు. ఎర్రమట్టి మీద ఎండ తళతళలాడుతోంది. రెండు మేకలు గోల్‌పోస్టుకు ఒళ్లు రుద్దుకుంటున్నాయి. ఆయన కుళ్ళాయప్ప వైపు చూశాడు. కుళ్ళాయప్ప తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"మరి ఆటగాళ్లు యాడుండారంటాడు సార్."

"శీతాకాల విరామాన్ని అనుభవిస్తున్నారని చెప్పండి."

లాయోష్ శాలువాల మడతల్లోంచి చెమట తుడుచుకున్నాడు.

మర్నాడు పొద్దున లాడ్జి నుంచి ఆయన మాయమయ్యాడు. పరిగెత్తే అలవాటున్న మనిషి, ఊరి బయటకు పరిగెడుతూ పోయాడు. వంక దగ్గరకొచ్చేసరికి బంతి చప్పుడు వినబడింది. ప్రపంచంలో ఏ మూలన విన్నా కోచ్ అనేవాడు గుర్తుపట్టే చప్పుడది. గట్టెక్కి చూశాడు.

ముందు చూసింది ఖలందర్. "సార్! దొరికిపోయినాం!" అని అరిచాడు. కుళ్ళాయప్ప నోట్లో విజిలు తీసేసి గట్టు వైపు చూశాడు. అధ్యక్షుల అతిథి! ఏడాది నిషేధం! పిల్లోని ఉద్యోగం!

లాయోష్ గట్టు మీదనుంచి జారుకుంటూ దిగాడు. చొక్కా విప్పి తుమ్మకొమ్మకు తగిలించి, బంతి ఇమ్మని చేతులు చాపాడు.

ఆ తర్వాత భాషతో పని పడలేదు. గోలుకు వీపు పెట్టి నిలబడి, బంతి రాగానే భుజంతో ఒకవైపు ఊగి రెండోవైపు తిరగడం ఆయన ఖలందర్‌కు చూపించాడు. ఖలందర్ మూడుసార్లు పడ్డాడు. నాలుగోసారి తిరిగి కొడితే బంతి రెండు రాళ్ల మధ్యనుంచి గట్టును తాకింది. లాయోష్ ఆ కుర్రాణ్ణి ఎత్తుకున్నంత పనిచేసి, కుళ్ళాయప్ప వైపు తిరిగి, వాళ్ల భాషలో పెద్దగా ఏదో అన్నాడు. అర్థం కాకపోయినా కుళ్ళాయప్ప కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లలో తన పిల్లోడు బాగా ఆడుతున్నాడని ఎదుట నిలబడి ఇంకొక కోచ్ చెప్పడం అదే మొదలు.

అప్పుడే గట్టు మీద జీపు ఆగింది. అతిథిని వెతుక్కుంటూ వచ్చిన ఉపేంద్రనాథ్ గారు దిగి, కింద ఎంపిక జట్టును, చొక్కా లేని హంగేరీని, మెడలో విజిలుతో నిఘా బృందం నాయకుణ్ణి చూశారు.

"కుళ్ళాయప్పగారూ! ఏమిటిది?"

ఇంతకాలం అన్నింటికీ చెయ్యెత్తిన కుళ్ళాయప్ప ఈసారి చేతులు కట్టుకున్నాడు. "ఆట సార్. నేనే ఆడిపిస్తాండా. వేసేది ఉంటే నామీద వేయండి నిషేధం. పిల్లోళ్లను వదిలేయండి."

"ఈ అక్రమం హంగేరీలో జరుగుతుందా?" అంటూ అధ్యక్షులు అతిథినే ఇంగ్లీషులో సాక్ష్యం అడిగారు.

"జరుగుతుంది," అన్నాడు లాయోష్, ఊపిరి తీసుకుంటూ. "జనవరిలో మా ఊళ్లో మంచు. అందుకని మా క్లబ్బులన్నీ వెచ్చని చోటు వెతుక్కుని, అక్కడ శిబిరం పెట్టుకుని సాధన చేస్తాయి. ఇంట్లో కూర్చునేవాడు ఫిబ్రవరిలో ఓడిపోతాడు. మా క్లబ్బుకు అంత స్తోమత లేదు గనక నేనొక్కణ్ణే వెచ్చని చోటికి వచ్చాను."

ఉపేంద్రనాథ్ గారు తుమ్మచెట్టు వైపు చూశారు. తను తప్పు చేశానని ఆయన అంటారేమోనని కుళ్ళాయప్ప ఒక్క క్షణం ఆశపడ్డాడు.

"అంటే," అన్నారాయన నెమ్మదిగా, "హంగేరీ సీజన్ అమలులో మనం ఒక కీలక అంశాన్ని విస్మరించడం జరిగింది. శీతాకాల శిబిరం!"

ఆ సాయంత్రమే సమావేశం. వెచ్చని ప్రదేశం గుర్తింపు ఉపసంఘం ఏర్పడింది. ఢిల్లీ చలి. బెంగళూరు చలి. హైదరాబాదు కూడా ఆ వారం కొంచెం చలిగానే ఉంది. ఉపసంఘం పటాలు ముందేసుకుని రెండు రోజులు శ్రమించి, అందుబాటు దూరంలో జనవరిలో వెచ్చగా, పొడిగా, మైదానం ఖాళీగా ఉన్న ఊరు ఒక్కటే ఉందని తేల్చింది. ఆ ఊరి పేరు గుండ్లవంక.

"అయితే జట్టు తక్షణం గుండ్లవంకకు బయలుదేరవలెను," అన్నారు అధ్యక్షులు.

"గుండ్లవంకలోనే ఉండాం కదా సార్," అన్నాడు కుళ్ళాయప్ప.

"ఇప్పుడు మనమున్నది మంచు కురిసే గుండ్లవంక. వెళ్లవలసింది వెచ్చని గుండ్లవంక. ప్రయాణం లేనిదే శిబిరం ఎట్లా అవుతుంది?"

ఏ గుండ్లవంకైతేనేం, నేల ఎర్రమట్టిదేనని కుళ్ళాయప్ప సర్దుకున్నాడు. మర్నాటి నుంచి రోజూ పొద్దున ఎంపిక జట్టు ముందు గేటు దగ్గర అద్దె బస్సెక్కేది. బోర్డు అలాగే వేలాడుతూ ఉండేది. అధ్యక్షులు జెండా ఊపేవారు. బస్సు బజారు దాటి, బైపాస్ ఎక్కి, రైల్వే గేటు చుట్టి, అదే మైదానం వెనక గేటు దగ్గర ఆగేది. అక్కడ అధ్యక్షులే మళ్లీ నిలబడి, 'సుస్వాగతం' అని పూలిచ్చేవారు. బస్సులో వాంతులయ్యే పిల్లోడొకడు రోజూ నిమ్మకాయ వాసన చూస్తూ శిబిరానికి చేరేవాడు.

పోటీలకు బయలుదేరే ముందురోజు బస్సు చెడిపోయింది. ఎంత తిప్పినా ఇంజను పలకలేదు. గోడకు అవతల మైదానం. గోడకు ఇవతల జట్టు.

"గోడ దూకుతాం సార్," అన్నాడు ఖలందర్.

"అది ప్రయాణం కాదు, చొరబాటు," అన్నారు ఉపేంద్రనాథ్ గారు. "నేటి శిబిరం రద్దు."

కుళ్ళాయప్ప ఖలందర్ ముఖం చూశాడు. తర్వాత లాయోష్ వైపు తిరిగి, అధ్యక్షులకు వినబడేలా, తనకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టి అడిగాడు: హంగేరీలో జట్టు బస్సు చెడిపోతే ఏం చేస్తారు?

లాయోష్‌కు విషయం అర్థమైంది. గంభీరంగా ముఖం పెట్టి, "దిగి తోస్తారు," అన్నాడు.

ఉపేంద్రనాథ్ గారు తలూపారు. "యథాతథంగా అమలుపరచండి."

ఆ పొద్దు గుండ్లవంక బజారులో జనం చూసిన దృశ్యం ఇది. అధ్యక్షులు బస్సులో కిటికీ పక్కన కూర్చుని జెండా ఊపుతున్నారు. ఎంపిక జట్టు మొత్తం వెనకనుంచి తోస్తోంది. ఒక పక్క హంగేరీ కోచ్, ఇంకో పక్క కుళ్ళాయప్ప. టీ కొట్టు దగ్గర హమాలీల జట్టు వచ్చి భుజం కలిపింది. బ్యాండువాళ్లకు ఆ రోజు ముహూర్తం లేదు; డప్పులతో ముందు నడిచారు. పెన్షనర్లు అరుగుల మీదనుంచి సలహాలిచ్చారు. తహసీల్దారు ఆఫీసు జట్టు కూడా బయటికొచ్చి, బస్సు తమ ఆఫీసు హద్దు దాటేవరకు మాత్రం తోసి, అక్కడ ఆగిపోయింది. బైపాస్ ఎత్తు దగ్గర పిల్లోళ్ల పిక్కలు రాళ్లలా బిగిశాయి. సుంకమ్మ బిందెతో మజ్జిగ మోసుకొచ్చి అందరికీ పోసింది. కిటికీలోంచి చెయ్యి చాపిన అధ్యక్షులకు చివర పోసింది.

బస్సు వెనక గేటు చేరేసరికి పొద్దు వాలుతోంది. అధ్యక్షులు దిగి, తమకు తామే సుస్వాగతం చెప్పి, కుర్చీలో వాలి నిద్రపోయారు. ఆ మిగిలిన వెలుతురులో పిల్లోళ్లు ఆడిన ఆటలాంటిది కుళ్ళాయప్ప మళ్లీ చూడలేదు. ఎవరూ అలిసిపోయామనలేదు. పరిగెత్తడానికి బస్సు అడ్డం లేని నేల దొరికిందని ఎగిరెగిరి ఆడారు.

అంతర్ జిల్లాల పోటీల్లో గుండ్లవంక జట్టు సెమీఫైనల్ దాకా పోయి ఓడింది. అంతకుముందెప్పుడూ రెండో ఆట చూసిన పాపాన పోలేదు. ఖలందర్ కొట్టిన గోల్స్‌లో ఒకటి, గోలుకు వీపు పెట్టి నిలబడి, ఒకవైపు ఊగి ఇంకోవైపు తిరిగి కొట్టింది. రైల్వే సెలెక్టర్లు ఆ సాయంత్రమే వాడి పేరు అడిగి రాసుకున్నారు. లాయోష్ ఆ ఆట చూసి, కుళ్ళాయప్పను కావలించుకుని, తన దేశం పోయాడు.

సీజన్ మే నెలలో, నిప్పుల ఎండలో ముగిసింది. పెన్షనర్లు, తహసీల్దారు ఆఫీసు అట్టడుగున నిలిచాయి. కింది శ్రేణి లేదు గనక ఆ రెంటికోసమే ఒకటి స్థాపించారు. అందులో పెన్షనర్లు విజేతలయ్యారు. గుండ్లవంక ఘనతకు శీతాకాలంలో క్రీడాకారులు తీసుకున్న సంపూర్ణ విశ్రాంతే కారణమని వార్షిక సభలో అధ్యక్షులు వివరించారు. వచ్చే సీజన్‌కూ అదే విధానం కొనసాగించాలని చేతులెత్తమన్నారు.

అన్ని చేతులూ లేచాయి. కుళ్ళాయప్ప చెయ్యి మాత్రం ఒళ్లోనే ఉంది.

"కుళ్ళాయప్పగారూ, మీ చెయ్యి?"

"నొప్పి సార్," అన్నాడతను. "బస్సు తోసినప్పుడు పట్టేసింది. ఇంక లేయదు."